పల్లపు నేలలో సిల్వర్ ఓక్ ఎండిపోతోంది – తెగులా, నీటి ముంపా?

ప్రశ్న: బెంగళూరు శివారు ఆనేకల్ దగ్గర చెరువు కట్ట దిగువన మాకు అరెకరం పల్లపు నేల ఉంది. అందులో నాటిన సిల్వర్ ఓక్ మొక్కల ఆకులు పసుపుబారి ఎండుతున్నాయి. వేరుకుళ్లు అని మందుల దుకాణంలో చెబితే కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే రాగి మందు లీటరు నీటికి 3 గ్రాముల చొప్పున రెండుసార్లు మొదళ్లలో పోసి, డీఏపీ కూడా వేశాము. ఇక ఏ మందు వాడాలి? తడిని తట్టుకునే మన ఓక్ ఏదైనా ఉందా?

జవాబు: ఇక ఏ మందూ పోయకండి. మీరు రాసినదాన్ని బట్టి అసలు కారణం తెగులు కాదు, నీరు నిలవడం. ఎండుతున్న మొక్కను ఒకదాన్ని పెకలించి వేరును గోటితో గీరి చూడండి; పైతోలు గోధుమరంగులో మెత్తగా ఊడివచ్చి, మట్టి కుళ్లిన గుడ్డు వాసన వేస్తుంటే, గాలి అందక వేరు చచ్చిందని అర్థం. శిలీంధ్రం చేరేది ఆ తరువాతే. నీరు బయటికి పోయే దారి చేయకుండా ఎన్నిసార్లు మందు పోసినా మట్టిలో రాగి పేరుకోవడం తప్ప ఫలితం ఉండదు.

సిల్వర్ ఓక్ ఆస్ట్రేలియా చెట్టు. కొడగు, చిక్కమగళూరు కాఫీ తోటల్లో అది ఏపుగా పెరుగుతున్నదంటే, అక్కడి వాలు నేలల్లో నీరు నిలవకపోవడమే కారణం. భాస్వరం ఎక్కువైనా దానికి పడదు కనుక, భాస్వరం ఉండే డీఏపీ ఎరువు కీడే చేసి ఉంటుంది. పొలం చూడకుండా, చేతికిచ్చిన ఆకును చూసి డబ్బా అంటగట్టే దుకాణదారు మాట మీద మందు పోయడం దయచేసి మానండి; ఆయనకు మందు అమ్మితే లాభం వస్తుంది గాని కాలువ తీయమని చెబితే రాదు.

ఆ పల్లానికి తగినది కణప చెట్టు. ఇండియన్ ఓక్ అని పిలిచేది దీన్నే. నిజమైన ఓక్ జాతి కాకపోయినా, చెరువు గట్టున పుట్టి నిలువ నీటిని ఓర్చుకునే మన చెట్టు ఇది. వేలాడే ఎర్రటి పూల జడలు రాత్రి విచ్చి, తెల్లవారేసరికి కింద ఎర్రగా పరుచుకుంటాయి. కాస్త మెరక భాగంలో తెల్లమద్ది, నేరేడు నాటవచ్చు.

జూన్‌లో నాటితే సెప్టెంబరు, అక్టోబరు పెద్ద వానలకు ముందే వేరు నిలదొక్కుకుంటుంది. బంక నేలలో మూడడుగుల గుంత తవ్వితే అది నీటి తొట్టి అవుతుంది. అందువల్ల 45 సెంటీమీటర్ల ఎత్తు, మీటరున్నర వెడల్పు ఉండే మట్టి దిబ్బలు 6 మీటర్లకు ఒకటి చొప్పున వేసి, ఒక్కో దిబ్బ మట్టిలో 5 కిలోల మాగిన పశువుల ఎరువు కలిపి, మొక్క సంచిలోని మట్టి దిబ్బ పైభాగానికి సమంగా ఉండేలా నాటండి. మొదటి ఏడాది లేత మొక్క కొనతో సహా మునగకుండా చూడాలి. మొదటి రెండు వేసవుల్లో వారానికోసారి నీరు పెట్టండి.

రసాయన ఎరువు మాత్రం మట్టి పరీక్ష తరువాతే. చెరువులో మురుగు కలుస్తుంటే ఉదజని సూచిక (pH), లవణ సాంద్రత తప్పక చూడాలి. ఐదారు చోట్ల 30 సెంటీమీటర్ల లోతు వరకు మట్టి తీసి, కలిపి, నీడలో ఆరబెట్టి, అందులో అరకిలో మీ రైతు సంపర్క కేంద్రంలో ఇవ్వండి. కణప బెరడు, కాయలు చేపలకు విషం కాబట్టి కొట్టేసిన కొమ్మలను చేపల గుంటలో వేయవద్దు.