గడ్డం గీయని గోల్‌కీపర్: ఆటగాళ్ల ప్రేమ నవలల గురించి పాఠకుల ప్రశ్నలు

అమెరికా, కెనడాలలో విరివిగా అమ్ముడవుతున్న, ఆటగాళ్లు కథానాయకులుగా ఉండే సరదా ప్రేమ నవలల గురించి ఈ మధ్య మాకు వరసగా ఉత్తరాలు వచ్చాయి. వాటిలో కొన్నింటికి ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాము.

ప్రశ్న: నేను చాలా ఏళ్లుగా టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నాను. డాలస్ ఐస్ హాకీ జట్టు సాధన చేసే మంచు మైదానం మా ఊళ్లోనే ఉంది, కానీ నేను ఒక్క ఆట కూడా చూడలేదు. పోయిన చలికాలంలో గ్రంథాలయం నుంచి ఒక హాకీ ఆటగాడి ప్రేమ నవల తెచ్చుకున్నాను. నెల తిరిగేసరికి ఆరు చదివేశాను. పిల్లలు లేస్తారేమోనని అర్ధరాత్రి నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వాను. ఆట తెలియదు, ఆ మనుషులు నా మనుషులు కారు. మరి వీటిలో నన్ను అంతగా పట్టి ఉంచినదేమిటి? – ఒక పాఠకురాలు, ఫ్రిస్కో

సమాధానం: ఆట తెలియకుండానే మీరు ఆరు నవలలు చదవగలగడంలో వింతేమీ లేదు. ఈ నవలల్లో ఆట గురించిన వివరణ తక్కువే ఉంటుంది, కానీ ఆట ఆ కథకు చేసిపెట్టే పని చాలా పెద్దది. నా ఉద్దేశంలో అది కథకు ఒక ఉమ్మడి కుటుంబాన్ని సమకూర్చి పెడుతుంది.

మన సరదా నవలల్లో నవ్వు ఎక్కడి నుంచి పుడుతుందో ఒకసారి గుర్తు చేసుకోండి. పెళ్లిచూపుల్లో అడగకూడనిది అడిగే మేనత్త, తలుపు చాటున నిలబడి అంతా వినే మరదలు, సగమే వినపడి దానికి తన సొంత అర్థం చెప్పుకునే తాతగారు, వీళ్లందరి మధ్య రెండు నిమిషాలు ఒంటరిగా మాట్లాడుకోవడానికి నానా అవస్థలు పడే ఇద్దరు ప్రేమికులు. జనం కిక్కిరిసిన ఇల్లే మన హాస్యానికి పెట్టుబడి. ఒక అమెరికా నగరంలో ఉద్యోగం చేసుకుంటూ అపార్ట్‌మెంటులో ఒంటరిగా ఉండే ఇరవై ఎనిమిదేళ్ల యువతి కథలోకి ఆ జనం ఎక్కడి నుంచి రావాలి? జట్టు నుంచి వస్తారు. ఒక్కొక్క హాకీ మ్యాచికి ఒక్కొక్క జట్టులో ఇరవై మంది సిద్ధమవుతారు. సీజనుకు 80కి పైగా మ్యాచులు, వాటిలో సగం పరాయి ఊళ్లలో. ఒకే విమానంలో ప్రయాణించి, ఒకే హోటల్లో దిగి, ఒకే గదిలో బట్టలు మార్చుకునే ఆ ఇరవై మందికి ఒకరి విషయం మరొకరికి తెలియకుండా ఉండదు. అందులో పెదనాన్న లాంటి కోచ్ ఉంటాడు, ఇంటి పెద్దకొడుకు లాంటి కెప్టెన్ ఉంటాడు, ఎవరి ప్రేమలేఖనైనా గట్టిగా చదివి వినిపించే చిన్నవాళ్లు ఉంటారు. ఫ్రిస్కోలో కూర్చుని మీరు నవ్విన నవ్వు మీ అమ్మమ్మగారింటి వసారాలో వినిపించిన నవ్వు వంటిదేనని నాకు అనిపిస్తోంది.

దీనికి ఆటగాళ్ల నమ్మకాలు తోడవుతాయి. ఐస్ హాకీలో ఫైనలు వైపు సాగే పోటీలు ఏప్రిల్ మధ్యలో మొదలై జూన్ దాకా నడుస్తాయి, ఆ రోజుల్లో జట్టు ఓడిపోయి వైదొలిగే వరకూ ఆటగాళ్లు గడ్డం గీయరు. 1980ల తొలినాళ్లలో న్యూయార్క్ ఐలాండర్స్ ఆటగాళ్లతో మొదలైందని చెప్పే ఆచారం ఇది. మన దగ్గర తిరుపతి మొక్కు ఉన్నవాడిని క్షౌరశాలకు తీసుకువెళ్లడం ఎంత కష్టమో ఇదీ అంతే.

ఈ ఆచారం ఒక రచయిత్రి చేతిలో పడితే ఏమవుతుందో చూపడానికి ఒక సన్నివేశం నేనే కల్పించి చెబుతాను. కథానాయిక ఒక బడిలో సంగీతం నేర్పుతుంది. మే చివరి వారంలో ఆమె చెల్లెలి పెళ్లి, ఫొటోలలో పక్కన నిలబడవలసిన గోల్‌కీపర్ గడ్డం అప్పటికి గుబురుగా పెరిగిపోయింది. జట్టు గెలుస్తూనే ఉంది. ఆమె ప్రతి మ్యాచికీ గోళ్లు కొరుక్కుంటూ గెలవాలని కోరుకుంటుంది, గెలిచిన మరుక్షణం ఫొటోలు గుర్తుకు వచ్చి తల పట్టుకుంటుంది. ఒక సాయంత్రం తలుపు తట్టిన చప్పుడైతే తీసి చూస్తుంది. వాకిట్లో కేకు పెట్టె పట్టుకుని, తడిసిన జుట్టుతో, ఆరుగురు మహాకాయులు వినయంగా నిలబడి ఉంటారు. ఇంట్లో ఉన్న క్షౌరపు కత్తిని తమకు అప్పగించమని అడగడానికి వచ్చామని కెప్టెన్ గొంతు సవరించుకుని చెబుతాడు. ఏడో మ్యాచిలో జట్టు ఓడిపోయి వైదొలుగుతుంది. ఆ రాత్రి అతను వంటింట్లోకి వచ్చి, ఏమీ మాట్లాడకుండా కత్తి ఆమె చేతిలో పెట్టి, చిన్న పియానో పీట మీద మోకాళ్లు ముడుచుకుని కూర్చుంటాడు. ఆమె నురుగు రాసి నెమ్మదిగా గీస్తుంటే, గడ్డం కింద ఇంతకాలం దాగిన ఎనిమిది కుట్ల మచ్చ బయటపడుతుంది. ఈ దెబ్బ ఎప్పుడు తగిలిందని ఆమె అడుగుతుంది. రెండో మ్యాచిలో అంటాడు. చెప్పలేదేం అంటుంది. అడుగుతావని గడ్డం పెంచాను అంటాడు.

అప్పటిదాకా నవ్వుతూ వచ్చిన పాఠకురాలి గొంతులో ఆ మాట దగ్గర ఏదో అడ్డం పడుతుంది. నవ్వించి, మనసు తలుపులన్నీ తెరిపించి, అప్పుడు లోపలికి రావడం ఈ నవలలకు బాగా వచ్చిన విద్య. ఏడిపించాలని మొదటి పేజీ నుంచే పట్టుబట్టే కథ ముందు మనం జాగ్రత్తపడతాం. నవ్విస్తున్నవాళ్ల ముందు అలా పడము.

ప్రశ్న: మా అమ్మాయికి పదమూడేళ్లు. తన ఫోనులో ఇటువంటి ఇంగ్లీషు నవల ఒకటి చూశాను. అట్ట మీద ముద్దుగా గీసిన కార్టూను బొమ్మలున్నాయి కనుక పిల్లల పుస్తకమే అనుకున్నాను. చదవనివ్వవచ్చా? – ఒక తల్లి, విజయవాడ

సమాధానం: అట్టను బట్టి నిర్ణయించవద్దని గట్టిగా చెబుతున్నాను. ఈ కోవలో పేరు పొందిన చాలా నవలలు పెద్దల కోసం రాసినవి, శృంగార సన్నివేశాలను దాపరికం లేకుండా వర్ణించేవి. 2022లో వచ్చి సామాజిక మాధ్యమాల వల్ల విపరీతంగా వ్యాపించిన హానా గ్రేస్ నవల ‘ఐస్‌బ్రేకర్’ దీనికి మంచి ఉదాహరణ. దాని అట్ట మీద ఉన్నవి బొమ్మలే, లోపల ఉన్నది మాత్రం పెద్దల కథ. చాలా పుస్తకాల మొదట్లో గాని, రచయిత్రి వెబ్‌సైటులో గాని లోపలి విషయాల గురించిన హెచ్చరిక ఉంటుంది, దానిని చదవండి. పదమూడేళ్ల పిల్లకు ఆటల నేపథ్యమే ఇష్టమైతే, కౌమార వయసువారి కోసం ప్రత్యేకంగా రాసిన నవలలు వేరే అరలో దొరుకుతాయి. ఫోను లాక్కోవడం కంటే పక్కన కూర్చుని ఆ పుస్తకంలో తనకు నచ్చినదేమిటో అడగడం మేలు. చాలాసార్లు పిల్లలకు నచ్చేది ప్రేమికుల మధ్య నడిచే ఆ మాటకు మాటే.

ప్రశ్న: ఈ కథానాయకుడు మన వారపత్రికల ధారావాహికలలోని ఆరడుగుల అందగాడే కదా? అతనికి కారు, మేడ ఉండేవి. ఇతనికి కోట్ల ఒప్పందం, కండలు ఉన్నాయి. ఇందులో కొత్తేముంది? – ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, వరంగల్

సమాధానం: బంధుత్వం ఉన్నదని ఒప్పుకుంటున్నాను, మాస్టారూ. యద్దనపూడి సులోచనారాణి గారి నవలల కోసం ఎదురుచూసిన తరం ఈ పుస్తకాలు తెరిస్తే కొత్తచోటికి వచ్చినట్టు అనుకోదు. అయితే ఒక తేడా ఉంది, అది నాకు చాలా ముఖ్యమైనదిగా తోస్తుంది. మన పాత కథానాయకుడి గాంభీర్యాన్ని కథ చివరిదాకా కాపాడుతుంది. ఈ కథానాయకుడి గాంభీర్యాన్ని మొదటి అధ్యాయం నుంచే కథానాయిక నాలుక కొద్దికొద్దిగా చెక్కుతూ వస్తుంది. ఇరవై వేలమంది ఊరంతా వినపడేలా పేరు పెట్టి అరిచే మనిషిని, ఒక్క మనిషి మాత్రం ఇంటికి వస్తూ పాలు తెమ్మని చెప్పి, తేకపోతే తిడుతుంది. డబ్బులోనూ పేరులోనూ బలంలోనూ ఆమె అతనికి సాటి రాదు, మాటలో వస్తుంది. వారి మధ్య సమానత్వం అక్కడే మొదలవుతుంది కాబట్టి, ఈ నవలల్లో హాస్యాన్ని తీసేస్తే మిగిలేది మీరన్న ఆరడుగుల అందగాడే.

సూసన్ ఎలిజబెత్ ఫిలిప్స్ 1994లో మొదలుపెట్టిన షికాగో స్టార్స్ నవలల వరసను ఈ దారికి పునాదిరాయిగా భావిస్తాను. మొదటి నవలలో తండ్రి వీలునామా వల్ల ఒక అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు కూతురి చేతికి వస్తుంది. ఆమెకు ఆట ఓనమాలు తెలియవు, జట్టు కోచ్‌కు ఆమె పొడ గిట్టదు. వీలునామా మీద నడిచిన కథలు మనకు కొత్తకాదు గాని, ఇక్కడ ఆస్తిగా వచ్చింది పొలం కాదు, యాభై మంది భారీ మనుషులు. ఆమెను అందరూ బుర్ర లేని మనిషిగా లెక్కకట్టిన చోట ఆ లెక్క తప్పని నెమ్మదిగా తేలడంలో నవ్వూ ఉంది, న్యాయమూ ఉంది. రేచల్ గిబ్సన్ 2003 నాటి నవలలో సియాటిల్ హాకీ జట్టు వెంట తిరిగి వార్తలు రాసే విలేకరిని ఆటగాళ్లు మొదట దగ్గరికి రానివ్వరు, తరువాత ఆమె మ్యాచికి ముందు గోల్‌కీపర్‌ను తిట్టడమే తమ అదృష్టమని నమ్మి, ఆ తిట్టు కోసం ఎదురుచూస్తారు. మరియానా సపాటా 2016లో రాసిన నవలలో, డాలస్ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకు ఆడే కెనడా దేశస్థుడు తన దగ్గర పని మానేసిన సహాయకురాలి ఇంటికి వచ్చి, దేశంలో ఉండిపోవడానికి కాగితాల కోసం తనను పెళ్లి చేసుకోమని అడుగుతాడు, బదులుగా ఆమె చదువు అప్పు తీరుస్తానంటాడు. గ్రీన్‌కార్డు వరసలో ఏళ్లకేళ్లు నిలబడిన తెలుగు కుటుంబాలు ఆ ఘట్టం చదివితే, నవ్వుతోపాటు ఒక నిట్టూర్పు కూడా రాక మానదు.

మరొక సంగతి. ఆ దేశపు జట్లలో ఒక ఆటగాడిని వేరే జట్టుకు మార్చేయడానికి, ఒప్పందంలో ప్రత్యేకంగా అడ్డుకట్ట లేకపోతే, ఒక్క ఫోను చాలు. ఉదయం సాధనకు వెళ్లినవాడు రాత్రికి మూడువేల కిలోమీటర్ల దూరంలో ఉండవచ్చు. ముప్ఫై అయిదు దాటితే అతను ఆ లోకంలో ముసలివాడు. మెట్లు దిగుతుంటే మోకాళ్లు చప్పుడు చేస్తాయి. అందువల్ల ప్రేమికులను విడదీయడానికి రచయిత్రికి దొంగ ఉత్తరమో విలన్ మరదలో అవసరం లేదు, వృత్తే ఆ పని చేస్తుంది. అంత డబ్బున్న మనిషికి తాను ఏ ఊళ్లో ఉంటాడో నిర్ణయించుకునే హక్కు లేదన్న సంగతి తెలిశాక, పాఠకురాలి అసూయ జాలిగా మారుతుంది. మన మేడ, కారు ఉన్న కథానాయకుడికి ఆ అభద్రత ఉండేది కాదు.

ప్రశ్న: ఈ నవలల మోజులో నిజమైన ఆటగాళ్ల గురించి అసభ్యంగా వ్యాఖ్యానించేవాళ్లను చూస్తున్నాను. తప్పు పుస్తకాలది కాదా? – ఒక పాఠకుడు, హైదరాబాద్

సమాధానం: తప్పు పుస్తకాలది కాదు, కానీ మీ బాధ న్యాయమైనది. 2023లో సియాటిల్ హాకీ జట్టు ఈ నవలల పాఠకులను ఆకట్టుకోవడానికి తన ఆటగాళ్ల వీడియోలను ఆ ధోరణిలో పంచుకుంది. మొదట అందరూ సరదాగానే తీసుకున్నారు. తరువాత ఒక ఆటగాడి మీద వచ్చిన లైంగిక వ్యాఖ్యలు హద్దు దాటాయని అతని భార్య బహిరంగంగా అభ్యంతరం చెప్పింది, ఆటగాడు కూడా ఆమెను సమర్థించాడు. జట్టు ఆ పద్ధతిని మానుకుంది. ఆమె అడిగింది చాలా చిన్న విషయం: తన భర్త పాత్ర కాదు, మనిషి. ఈ నవలల్లో అత్యుత్తమమైనవి చెప్పేది కూడా సరిగ్గా అదే కదా, చొక్కా మీది నంబరు వెనుక భయాలూ మచ్చలూ ఉన్న మనిషి ఉంటాడని. అది అర్థం చేసుకున్న పాఠకురాలు అటువంటి వ్యాఖ్య రాయదు. ఈ నవలల్లో చాలావరకు కల్పిత జట్లే ఉంటాయి, ఉండాలి కూడా.

ప్రశ్న: నేను డిగ్రీ చదువుతున్నాను. ఇటువంటి నవల తెలుగులో రాయాలని ఉంది. ఐస్ హాకీ మనకు లేదు కదా, ఏ ఆట తీసుకోవాలి? – ఒక విద్యార్థిని, గుంటూరు

సమాధానం: మంచు గురించి బెంగపడకండి. తెలుగు నేల మీద ఆటలకు కొదవ లేదు. సిడ్నీలో 2000లో ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ కరణం మల్లీశ్వరి శ్రీకాకుళం జిల్లా ఆడపడుచు. పుల్లెల గోపీచంద్ గచ్చిబౌలి అకాడమీలో తెల్లవారకముందే సాధన మొదలవుతుంది. ఆ చీకట్లో టిఫిను క్యారియరు పట్టుకుని బయట కూర్చునే తల్లిదండ్రులే పది పాత్రలకు సరిపోతారు.

నన్ను అడిగితే కబడ్డీ తీసుకోమంటాను. ఇప్పుడు దానికి వేలం ఉంది, ఎవరు ఏ ఊరి జట్టుకు వెళతారో వేలమే తేలుస్తుంది కనుక మీకు కావలసిన ఎడబాటు దొరుకుతుంది. కూతకు 30 సెకన్లే గడువు కాబట్టి ఉత్కంఠ దానంతట అదే వస్తుంది. ఊపిరి బిగబట్టి కూత పెట్టడంలో ఘనుడైన యువకుడు, తనకు నచ్చిన అమ్మాయి ఎదుట ఒక్క మాట కూడా పూర్తి చేయలేకపోవడం ఎంత బాగుంటుందో ఆలోచించండి. సరసం అనే మాట ఉన్న భాష మనది. బావామరదళ్ల వేళాకోళంలో పెరిగిన చెవి మీది. ఇంగ్లీషు నవలల సంభాషణలను తెలుగులోకి దింపవద్దు, మీ వీధిలో నిజంగా వినపడే మాటలను రాయండి. కథానాయిక అతన్ని చూసి మైమరచిపోయే ఘట్టంతో మాత్రం మొదలుపెట్టకండి. ఆమె చేత ముందు ఒక చివాటు పెట్టించండి. మొదటి అధ్యాయం పూర్తి కాగానే మాకు పంపండి, తప్పకుండా చదువుతాము.