ఈ సెలవుల్లో పెన్సిల్ సొరుగులో పెట్టు

చిట్టితల్లికి,

ప్రభువు నామంలో వందనాలు. నీ ఉత్తరం అందింది. ఉద్యోగం, ఇల్లు, సండే స్కూలు, యూత్ మీటింగులు కలిసి నిన్ను పిండేశాయని చదువుతుంటేనే తెలిసింది. వేసవి సెలవుల్లో తీరిగ్గా చదువుకోవడానికి పది పుస్తకాల పేర్లు పంపమన్నావు. పది పంపను.

ఒక వేసవిలో నేనూ ఇలాగే అలిసిపోయి తొమ్మిది పుస్తకాలు బల్ల మీద పేర్చుకున్నాను. రోజుకి ఎన్ని పేజీలో కాగితం మీద గళ్ళు గీసి మరీ మొదలుపెట్టాను. పదకొండో రోజుకి నలభై పేజీలు వెనకబడ్డాను. ఆ బాకీ తీర్చడానికి రాత్రిళ్ళు మేలుకున్నాను. సెలవులు అయిపోయేసరికి మునుపటికన్నా ఎక్కువ టెన్షన్. చదివినదాంట్లో ఒక్క ముక్కా గుర్తులేదు, ఆ గళ్ళ కాగితం మాత్రం ఇప్పటికీ కళ్ళముందు ఉంది.

నీకు చదువు తక్కువై కాదమ్మా ఈ అలసట. చదివేదంతా ఎవరికో ఒకరికి చెప్పడానికే చదువుతున్నావు. మంచి వాక్యం కనబడితే చాలు, 'ఇది పిల్లలకి ఎలా చెప్పాలి' అని పెన్సిల్ కోసం చెయ్యి పోతుంది. నలభై ఏళ్ళు ప్రసంగాలు చేసినవాణ్ణి, నాకు తెలీదా? పొద్దంతా అందరికీ వండిపెట్టే మనిషికి ఆకలి చచ్చిపోయినట్టు ఉంటుంది. అందుకే ఈ సెలవుల్లో చదివింది ఎవరికీ చెప్పకు. పెన్సిల్ సొరుగులో పెట్టెయ్. ఫోను వేరే గదిలో ఉంచి అచ్చు బైబిలు తీసుకో.

రూతు గ్రంథంతో మొదలుపెట్టు. నాలుగే అధ్యాయాలు, ఇరవై నిమిషాల పని. అయ్యాక ఇంకోదానికి పరిగెత్తకు. మర్నాడూ అదే చదువు, ఆ మర్నాడూ అదే. మూడోసారికో నాలుగోసారికో చిన్న చిన్నవి కనబడతాయి. రెండో అధ్యాయం 14వ వచనంలో భోజనాల వేళ ఆ పొలం యజమాని బోయజు రూతుకి పేలాలు అందిస్తాడు. ఆమె తృప్తిగా తిని కొన్ని మిగుల్చుకుంటుంది. ఆ తర్వాత సాయంత్రం దాకా పొలంలో ఏరుకుని, దుళ్ళగొడితే దాదాపు తూమెడు యవలు అవుతాయి. వాటిని ఊళ్ళోకి మోసుకెళ్తుంది. అప్పుడు 18వ వచనంలో, తాను మిగుల్చుకున్న ఆ కాసినీ తీసి అత్త చేతిలో పెడుతుంది. ఒళ్ళు హూనమయ్యేలా పనిచేసిన రోజంతా ఆ పేలాలు ఆమె దగ్గరే ఉన్నాయన్నమాట. రూతు మీద నేను ఆరేడు ప్రసంగాలు చేసి ఉంటాను. ఆ పేలాలు నా కంటపడింది మాత్రం ప్రసంగాలు మానేశాకే.

పైకి చదువు, నీకు వినబడితే చాలు. మొదటి కీర్తనలో 'ధ్యానించువాడు' అన్నచోట హీబ్రూలో ఉన్న మాటకి గొణుక్కోవడం అనే అర్థం కూడా ఉంది. యెషయా 31:4లో సింహం తన వేట మీద గుర్రుమంటుందే, అక్కడా అదే మాట. మనమేమో ధ్యానమంటే కళ్ళు మూసుకుని బిగుసుకుపోవడం అనుకుంటాం.

ఆ తర్వాత ఫిలిప్పీయులకు రాసిన పత్రిక. పౌలు చెరలో ఉండి రాసిన ఉత్తరం అది. ఇంటికొచ్చిన ఉత్తరాన్ని రోజుకి ఐదు వచనాల చొప్పున ఎవరైనా చదువుతారా? ఒక్క ఊపున చదివెయ్. అధ్యాయాలు 13వ శతాబ్దంలో వచ్చాయి. కొత్త నిబంధనకి ఇప్పుడున్న వచనాల అంకెలు వేసింది 1551లో, ఒక ముద్రాపకుడు. అంకెల్ని చూడనట్టే పోవచ్చు.

చదువుతూ నిద్రపోతే సిగ్గుపడకు. 1 రాజులు 19లో ఏలీయా ప్రవక్త చచ్చిపోతే బాగుండునని చెట్టుకింద పడుకుంటే దేవదూత ప్రసంగం చెయ్యలేదు. తట్టి లేపి తినమన్నాడు. తిని మళ్ళీ పడుకున్నాడు. రెండోసారీ లేపి తినిపించాకే ప్రయాణం. దేవుడి మెల్లని స్వరం వినబడింది దానికి ఎంతో తర్వాత. అయితే ఒక మాట, వారాల తరబడి నిద్రపట్టక, తిండి సయించక ఉంటే పుస్తకాల మీద ఆధారపడకు, డాక్టరు దగ్గరికి వెళ్ళు.

బైబిలు కాకుండా ఒకటో రెండో కావాలంటే, బ్రదర్ లారెన్స్ మాటలూ ఉత్తరాలూ ఉన్న చిన్న పుస్తకం చదువు. పారిస్‌లో ఒక మఠం వంటగదిలో ఏళ్ళ తరబడి పనిచేసిన మనిషి. 1691లో ఆయన పోయాక ఎవరో పోగుచేసి అచ్చు వేశారు. రోజుకి రెండు పేజీలు చాలు. అగస్టీన్ 'కన్ఫెషన్స్' కూడా మంచిదే కానీ అందులో 13 భాగాలున్నాయి. మొదటి తొమ్మిదిలో ఆయన జీవితకథ ఉంటుంది, తర్వాత జ్ఞాపకం, కాలం, సృష్టి అంటూ బరువెక్కుతుంది. తొమ్మిదో భాగంతో ఆపేసినా ఎవరూ అడగరు. భక్తి పుస్తకమే కానక్కర్లేదు కూడా. నీకిష్టమైన నవలో, పక్షుల గురించిన పుస్తకమో పట్టుకో. పక్షుల్ని చూడమని ప్రభువే అన్నాడు కదా.

సెలవులయ్యాక ఉత్తరం రాస్తే ఎన్ని పుస్తకాలు పూర్తిచేశావో రాయకు. రూతు దగ్గరే ఆగిపోయినా నాకు సంతోషమే.

మీ పెదనాన్న