ఫ్రాన్స్ పల్లెసీమల్లో రెండు వారాలు: అప్పు చేయకుండా వెళ్లిరావచ్చా?

ప్రశ్న: మాది వరంగల్. నేను డిగ్రీ కళాశాలలో అధ్యాపకురాలిని, మావారు ప్రభుత్వోద్యోగి. అమ్మాయికి 14 ఏళ్లు, అబ్బాయికి ఈ సెప్టెంబరులో 11 నిండుతాయి. వచ్చే మే నెలలో ఫ్రాన్స్‌లోని ల్వార్ లోయలో నాలుగు రాత్రులు, దోర్దోన్ ప్రాంతంలో ఏడు, చివర పారిస్‌లో రెండు రాత్రులు గడపాలని, కొంత రైల్లో, కొంత అద్దె కారులో తిరగాలని అనుకుంటున్నాం. ఇంటి రుణం వాయిదా, చిట్టీ, సిప్‌లు, ఇంటి ఖర్చులు పోను నెలకు 42,000 రూపాయలు మిగులుతున్నాయి. ఫిబ్రవరిలో 3.5 లక్షలు చేతికొచ్చే ఫిక్స్‌డ్ డిపాజిట్ ఒకటి ఉంది. మొత్తం 6 లక్షలు సరిపోతాయా? తక్కువ పడితే పర్సనల్ లోన్ మంచిదా, 5 లక్షల చిట్టీ పాడుకోవడం మంచిదా? ఏజెంటు ప్యాకేజీ తీసుకోవాలా? మేం శాకాహారులం. క్రెడిట్ కార్డు నా పేరున ఒక్కటే ఉంది, కారు మావారు నడుపుతారు.

జవాబు: మీ లేఖలో నాకు నచ్చిన విషయం, ప్రయాణానికి ఇంకా పదినెలలకు పైగా గడువు ఉండగానే లెక్క అడగడం. మీరు అనుకున్న 6 లక్షలు సరిపోవు. అయినా అప్పు చేయాల్సిన అవసరం మీకు లేదు. ఈ రెండు మాటలూ ఎలా పొసుగుతాయో వివరిస్తాను.

ముందుగా ఖర్చు. ఈ యాత్రలో విమాన టికెట్లు, బీమా మినహా దాదాపు ప్రతి ఖర్చూ యూరోల్లోనే ఉంటుంది కాబట్టి, లెక్క కూడా యూరోల్లోనే వేసి, చివర రూపాయల్లోకి మార్చుకోవాలి. మారకపు రేటు మారుతూ ఉంటుంది కాబట్టి, లెక్క కోసం నేను యూరోకు 110 రూపాయల చొప్పున తీసుకున్నాను. ఫ్రాన్స్‌తో సహా చాలా ఐరోపా దేశాలకు ఉమ్మడిగా పనికొచ్చే షెంజెన్ వీసా రుసుము 2024 జూన్ నుంచి పెద్దలకు 90 యూరోలు, 6 ఏళ్లు నిండి 12 నిండని పిల్లలకు 45 యూరోలు. అమ్మాయికి పెద్దల రుసుమే పడుతుంది కాబట్టి నలుగురికీ కలిపి 315 యూరోలు, అంటే సుమారు 34,650 రూపాయలు. విమాన టికెట్లకు 2,70,000, రైళ్లకు 60,500, కారు అద్దె, పెట్రోలు, టోలు కలిపి 82,500, బసకు 1,70,500, భోజనానికి 1,14,400, కోటలు, గుహల టికెట్లకు 38,500, బీమాకూ వీసా కేంద్రం సేవా రుసుముకూ 15,000 నా అంచనా. మొత్తం 7,86,000 దాటుతుంది. బట్టలు, కానుకలు ఇందులో లేవు.

ఇక రాబడి వైపు చూడండి. జులై నుంచి ఏప్రిల్ వరకు నెలకు 40,000 చొప్పున పక్కన పెడితే 4 లక్షలు, ఫిబ్రవరిలో ఎఫ్‌డీ 3.5 లక్షలు, మే నెల మిగులు 40,000, రికరింగ్ డిపాజిట్ మీద వచ్చే కొద్దిపాటి వడ్డీ. అన్నీ కలిపి దాదాపు 8 లక్షలు. పది నెలల్లో అవసరమయ్యే సొమ్మును షేర్లలో గానీ ఈక్విటీ ఫండ్లలో గానీ పెట్టకండి, రికరింగ్ డిపాజిట్టే దీనికి తగినది. పైకి చూస్తే ఖర్చుకూ రాబడికీ సరిపోయినట్టే ఉంది కానీ, పరదేశంలో పిల్లలతో ఉన్నప్పుడు చేతిలో అదనపు సొమ్ము లేకుండా ప్రయాణించడాన్ని నేను ఒప్పుకోను. అందుకే ల్వార్‌లో ఒక రాత్రి, పారిస్‌లో ఒక రాత్రి తగ్గించమంటాను. పారిస్‌లో హోటల్ గది ఖరీదు ఎక్కువ, మీ మనసున్నది పల్లెల మీద. ఈ రెండు రాత్రుల బస, భోజనం కలిపి 450 యూరోలు, అంటే 49,500 రూపాయలు మిగిలి ఖర్చు 7,36,500కు దిగుతుంది. అప్పుడు అనుకోని అవసరాలకు 63,000 చేతిలో ఉంటుంది.

పర్సనల్ లోన్ విషయానికి వస్తే, ఉదాహరణకు 4.5 లక్షలు 13 శాతం వడ్డీకి మూడేళ్ల గడువుతో తీసుకున్నారనుకోండి, నెలకు సుమారు 15,160 రూపాయల వాయిదా పడుతుంది, వడ్డీ రూపంలోనే దాదాపు 96,000 కట్టాల్సి వస్తుంది. దోర్దోన్‌లో వారం రోజుల కారు అద్దె, పెట్రోలు, టోలు అన్నీ కలిపినా అంత కాదు. పైగా ఆ వాయిదాలు సాగే మూడేళ్లలోనే మీ అమ్మాయి పదో తరగతి, ఇంటర్మీడియట్ చదువులు వస్తాయి. చిట్టీ కూడా అంతే. తొలి నెలల్లో పాట పోటీగా ఉంటుంది, లక్ష రూపాయలు వదులుకుని పాడుకుంటే చేతికి వచ్చేది 4 లక్షలే. ఆ లక్ష మీకు కాగితం మీద వడ్డీలా కనిపించదు కాబట్టే చాలామంది దాన్ని ఖర్చుగా లెక్కించరు. పాడుకున్నాక మిగతా వాయిదాలకు జామీనుదారులను కూడా చూపించాలి. ఆ చిట్టీని అమ్మాయి ఇంటర్ ఫీజుల కోసమే ఉంచండి. ఇది నా గట్టి అభిప్రాయం.

ఇప్పుడు మీ యాత్ర అసలు స్వరూపం గురించి. రెండు ప్రాంతాలకూ కలిపి పారిస్‌లోనే కారు తీసుకోవాలన్న ఆలోచన ఉంటే మానుకోండి. ల్వార్ లోయలో కారు అవసరం లేదు. తూర్ పట్టణంలో బస చేస్తే కోటలున్న ఊళ్లలో అంబ్వాజ్‌కు ప్రాంతీయ రైలులో ఇరవై నిమిషాల ప్రయాణం, షెనోన్సోకు అరగంట. షెనోన్సో స్టేషన్ కోట గేటు పక్కనే ఉంటుంది, రైలు దిగి నడిచి వెళ్లడమే. షాంబోర్ కోటకు మాత్రం రైలు మార్గం లేదు, బ్లువా స్టేషన్ నుంచి సీజనులో నడిచే బస్సు ఉంటుంది. ఈ ప్రాంతీయ రైళ్ల మామూలు టికెట్టు ఎప్పుడు కొన్నా సాధారణంగా అంతే ధర కాబట్టి, వాటి కోసం ముందుగా డబ్బు కట్టి ఉంచనవసరం లేదు.

దీనికి పూర్తి భిన్నంగా, దూరప్రాంతాలకు అతివేగంగా నడిచే టీజీవీ రైళ్ల ధర విమాన టికెట్ల లాగే రోజులు దగ్గరపడే కొద్దీ పెరుగుతుంది. మీకు కావలసినవి మూడు ప్రయాణాలు: పారిస్ నుంచి తూర్‌కు, తూర్ పక్కనున్న సాన్-ప్యేర్-దే-కోర్ నుంచి బోర్దోకు, బోర్దో నుంచి తిరిగి పారిస్‌కు. 2017లో కొత్త మార్గం తెరిచాక బోర్దో, పారిస్‌ల మధ్య వేగవంతమైన రైళ్లు రెండు గంటలకు కాస్త పైగా తీసుకుంటున్నాయి. షార్ల్ ద గోల్ విమానాశ్రయం నుంచే సాన్-ప్యేర్-దే-కోర్‌కు నేరుగా వెళ్లే టీజీవీలు కొన్ని ఉన్నాయి. వాటిలో ఒకటి దొరికితే పారిస్ నగరంలోకి వెళ్లే టాక్సీ ఖర్చు తప్పుతుంది. అయితే విమానం దిగే సమయానికీ రైలుకూ మధ్య కనీసం నాలుగు గంటలు ఉంచుకోండి, తప్పిపోయిన రైలు టికెట్టు సొమ్ము తిరిగి రాకపోవచ్చు. పన్నెండేళ్ల లోపు పిల్లలకు తగ్గింపు ఉంటుంది, కాబట్టి బుక్ చేసేటప్పుడు అబ్బాయి వయసు సరిగ్గా నమోదు చేయండి.

దోర్దోన్ సంగతి వేరు. సార్లా, బేనాక్, లా రోక్-గజాక్, దోమ్ లాంటి ఊళ్లు నది వెంట, కొండల మీద విసిరేసినట్టుంటాయి, వాటి మధ్య బస్సులు చాలా తక్కువ. అక్కడ కారుకు పెట్టే ప్రతి యూరో సార్థకమే. బోర్దో సాన్-జాన్ స్టేషన్‌లో కారు తీసుకుని, మళ్లీ అక్కడే అప్పగించండి. ఒకచోట తీసుకుని ఇంకోచోట వదిలితే అదనపు రుసుము పడుతుంది, చిన్న ఊళ్ల కార్యాలయాలు మధ్యాహ్న భోజన వేళ, ఆదివారాలు మూసి ఉంటాయి. మావారు ఇక్కడ గేర్ల కారే నడుపుతారు కదా, ఆటోమేటిక్‌కు ఎక్కువ డబ్బు ఎందుకని మీకు అనిపించవచ్చు. రోడ్డుకు కుడివైపున, ఎడమవైపు స్టీరింగుతో, కుడిచేత్తో గేర్లు మారుస్తూ, ఇరుకైన పల్లె రోడ్ల మీద మొదటిసారి నడపబోయే మనిషికి ఆ తేడా సొమ్ము చాలా చిన్నది. ఇక్కడ పొదుపు చేయవద్దు. ఆటోమేటిక్ కార్లు అక్కడ తక్కువగా ఉంటాయి కాబట్టి, రద్దు చేసుకునే వీలున్న బుకింగు డిసెంబరులోనే చేసి పెట్టుకోండి.

మీ లేఖలో అన్నిటికంటే పెద్ద చిక్కు చివరి వాక్యంలో ఉంది. అద్దె సంస్థలు సాధారణంగా ప్రధాన డ్రైవరు పేరున ఉన్న క్రెడిట్ కార్డు మీదే డిపాజిట్ సొమ్మును నిలిపి ఉంచుతాయి. మీ కార్డు చూపిస్తే మీవారికి కారు ఇవ్వకపోవచ్చు, ముందుగానే విదేశీ సొమ్ము నింపుకునే ఫారెక్స్ కార్డును చాలాచోట్ల ఒప్పుకోరు. డిపాజిట్ వెయ్యి యూరోలు దాటడం కూడా మామూలే. అందువల్ల మీవారి పేరున కనీసం రెండు లక్షల పరిమితితో, విదేశీ లావాదేవీలు అనుమతించే క్రెడిట్ కార్డు ఒకటి ఇప్పుడే తీసుకోండి. మిగతా ఖర్చులకు యూరోలు నింపిన ఫారెక్స్ కార్డు వాడండి. మన క్రెడిట్ కార్డుల మీద విదేశాల్లో చాలావరకు 3.5 శాతం దాకా మార్కప్ అనే అదనపు రుసుము, దాని మీద జీఎస్‌టీ పడతాయి. దుకాణంలో యంత్రం రూపాయల్లో కడతారా, యూరోల్లోనా అని అడిగితే ఎప్పుడూ యూరోలనే ఎంచుకోండి. రూపాయలను ఎంచుకుంటే మారకపు రేటు వాళ్లు నిర్ణయించినదే అవుతుంది.

బస కోసం దోర్దోన్‌లో వంటగది ఉన్న పల్లెటూరి ఇల్లు వారానికి అద్దెకు తీసుకోండి. వాటిని అక్కడ జీత్ అంటారు, శనివారం నుంచి శనివారం వరకు ఇవ్వడం ఆనవాయితీ. బాతు, పెద్దబాతు (గూస్) మాంసాలకు పేరుపడ్డ ఆ ప్రాంతంలో శాకాహారులకు హోటళ్లలో దొరికేది తక్కువ, దొరికినదాని ధర ఎక్కువ. భోజనానికి నేను రోజుకు 80 యూరోలే వేసింది మీరు రోజులో ఒక పూటైనా వండుకుంటారన్న లెక్క మీదే. అద్దెతోపాటు శుభ్రపరిచే రుసుము, పెద్దలకు రాత్రికి ఇంతని స్థానిక పన్ను విడిగా ఉంటాయేమో ముందే చూడండి. ఆదివారం మధ్యాహ్నం నుంచి చాలా సూపర్‌మార్కెట్లు మూసేస్తారు, శనివారమే సరుకులు కొనాలి. ఇక్కడి నుంచి పొడులు, పప్పులు పట్టుకెళ్లవచ్చు కానీ నెయ్యి, కోవా వంటి పాల పదార్థాలను, మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లేని మామిడిపళ్లను ఐరోపా సమాఖ్యలోకి అనుమతించరు.

టికెట్ల విషయంలో ఒక కొత్త మార్పు. 2026 జనవరి నుంచి షాంబోర్ కోట, పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియం ఐరోపా ఆర్థిక ప్రాంతం బయటి నుంచి వచ్చే పెద్దలకు ఎక్కువ ధర వసూలు చేస్తున్నాయి. పద్దెనిమిది లోపు పిల్లలకు ఆ రెండింటిలో ప్రవేశం ఉచితం. షెనోన్సో ప్రైవేటు కోట, అక్కడ మీ పిల్లలకూ టికెట్టు కొనాలి. దోర్దోన్‌లో ఆదిమానవుల చిత్రాలున్న లాస్కో అసలు గుహను 1963లోనే సందర్శకులకు మూసేశారు. 2016లో తెరిచిన పూర్తి నమూనాకు టికెట్లు ముందే తీసుకోవడం మేలు.

ప్యాకేజీ మీకు వద్దు. ఇలాంటి నెమ్మదైన పల్లె ప్రయాణం ఏజెంట్ల బృంద యాత్రల్లో ఇమడదు. పైగా విదేశీ టూర్ ప్యాకేజీ మీద మొదటి రూపాయి నుంచే టీసీఎస్ (డబ్బు కట్టేటప్పుడే ముందుగా తీసుకునే ఆదాయపు పన్ను) వసూలు చేస్తారు. మీరే సొంతంగా ఫారెక్స్ కొంటే ఒక ఆర్థిక సంవత్సరంలో ఒక్కొక్కరికి 10 లక్షల వరకు టీసీఎస్ లేదు. ఒకవేళ ఎక్కడైనా పడినా అది పోయే సొమ్ము కాదు, రిటర్నులో సర్దుబాటు అవుతుంది. 2024 అక్టోబరు నుంచి ఉద్యోగులు ఆ వివరాలను యజమానికి ఇచ్చి జీతంలో కోసే టీడీఎస్‌ను తగ్గించుకోవచ్చు కూడా.

చెల్లింపుల క్రమం ఇలా పెట్టుకోండి. బస బుకింగులన్నీ వీలైనంతవరకు రద్దు చేసుకునే షరతుతో డిసెంబరులో చేయండి. జనవరి మధ్యలో హైదరాబాద్‌లో వీసాకు దరఖాస్తు చేయండి, ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే తీసుకుంటారు కాబట్టి మార్చి, ఏప్రిల్ రద్దీ వరకు ఆగవద్దు. వైద్య ఖర్చులకు కనీసం 30,000 యూరోల రక్షణ ఉన్న ప్రయాణ బీమా దరఖాస్తుకే తప్పనిసరి. తిరిగిరాని టికెట్లు, అంటే విమానం, టీజీవీ, వీసా చేతికొచ్చాక ఫిబ్రవరిలో ఎఫ్‌డీ సొమ్ముతో కొనండి. మే 1, మే 8, ఆరోహణ పండుగ సెలవులు కలిసివచ్చే వారాంతాల్లో అక్కడ రైళ్లు, బసలు నిండిపోతాయి, ఆ తేదీలు తప్పించండి. మీ పిల్లల బడులు జూన్ రెండో వారంలో తెరుస్తారు కాబట్టి మే రెండో సగం మీకు అనుకూలం, జులై, ఆగస్టుల ధరలు అప్పటికింకా మొదలవవు. మీవారు మార్చిలో రవాణా శాఖ కార్యాలయంలో అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోవాలి, అది ఏడాదిపాటు చెల్లుతుంది, కారు తీసుకునేటప్పుడు మన లైసెన్సుతో కలిపి చూపించాలి. ఫిబ్రవరి నాటికి పొదుపు లెక్కలో లక్ష రూపాయలకు మించి తగ్గితే టికెట్లు కొనవద్దు, ఆ సొమ్మును డిపాజిట్‌లోనే ఉంచి యాత్రను అమ్మాయి పదో తరగతి పరీక్షలు ముగిసిన వేసవికి మార్చుకోండి.