అనుభవం గడిలో గీత పెట్టకు

పర్లాకిమిడి

చిన్నీ,

విశాఖపట్నంలో ఒక కంపెనీలో కొత్త ఉద్యోగుల శిక్షణ ఏర్పాట్లు చూసే పనికి దరఖాస్తు పెడుతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. విన్నప్పుడు ఎంత పొంగిపోయానో, రాత్రి పడుకున్నాక అంత దడ పుట్టింది. గుణుపూర్ దాటి ఒంటరిగా ఎన్నడూ ఉండని పిల్లవి. సరే, ఆ భయం నాది, నీకు అంటించను. కానీ దరఖాస్తులో 'అనుభవం' అన్నచోట అడ్డగీత గీశావట. సాయంత్రాలు పిల్లలకు చదువు చెప్పడం ఉద్యోగం కాదు కదా అన్నావట. ఎంత కోపం వచ్చిందో తెలుసా?

ఆ గీత చెరిపెయ్యి. రెండేళ్లు, వారానికి మూడు సాయంత్రాలు, 24 మంది పిల్లలు, నలుగురు కాలేజీ వాలంటీర్లు అని అంకెలతో సహా రాయి. 'పిల్లలంటే ఇష్టం, ఓపిక ఎక్కువ' అని మాత్రం రాయకు, అది ఎవరైనా రాస్తారు. పైసా జీతం లేని మనుషులతో పని చేయించావు. వాళ్లను గద్దించడానికి లేదు, మానేస్తే అడగడానికి లేదు. పరీక్షల నెలలో ఎవరు రాలేరో ముందే కనుక్కుని వంతులు మార్చేదానివి. రోజూ ఆలస్యంగా వచ్చే అబ్బాయి చేతికి గది తాళంచెవి ఇచ్చావు, మర్నాటి నుంచి అందరికంటే ముందు వచ్చాడు. ఇంటర్వ్యూలో ఆ తాళంచెవి సంగతి చెప్పు.

భాషల సంగతి కూడా చెప్పు. ఈ ఊళ్లో ఉపాధ్యాయుడిగా ఉన్న గిడుగు రామమూర్తి పంతులుగారు సవర గిరిజన పిల్లలకు చదువు చెప్పడం కోసం ముందు తాను సవర భాష నేర్చుకున్నారు. భాగహారం తెలియక ఏడుస్తున్న పిల్ల ముందు నువ్వు చింతగింజలు పోసి, తెలుగులో, ఒడియాలో, నీకొచ్చిన నాలుగు సవర మాటల్లో చెప్పడం నేను గుమ్మంలో నిలబడి చూశాను. కంప్యూటర్ ముందు తికమకపడే కొత్త ఉద్యోగికి కూడా అలాగే చెప్పాలి. పిల్లల ఇళ్లలోని కష్టాలు మాత్రం అక్కడ కథలుగా చెప్పకు. అవి మనల్ని నమ్మి చెప్పిన మాటలు.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చిన వారం నా పక్కన కూర్చుని దుప్పట్ల జాబితా రాశావు, గుర్తుందా? ప్రతి వరుసలో 'పంచింది ఎవరు' అని పేరు రాయించాను. ఎందుకు పెద్దమ్మా అని అడిగావు. ఆ రోజు చెప్పలేదు, ఇప్పుడు చెబుతాను.

1996లో 32 మంది పిల్లలను గండాహతి జలపాతానికి తీసుకెళ్లాను. ఐదుగురు వాలంటీర్లు వచ్చారు. బయలుదేరేటప్పుడు 'అందరూ పిల్లలను జాగ్రత్తగా చూసుకోండి' అన్నాను. అంతే. ఎవరు ఎవరిని చూడాలో చెప్పలేదు. తిరుగు ప్రయాణంలో వ్యాను కొంతదూరం వచ్చాక మరమరాల పొట్లాలు పంచాను. లెక్కపెట్టి కట్టిన 32 పొట్లాల్లో ఒకటి నా చేతిలో మిగిలింది. ఆ కాగితం పొట్లం బరువు ఇప్పటికీ నా అరచేతిలో ఉంది. నువ్వు లెక్కపెట్టావనుకున్నాను, నువ్వు లెక్కపెట్టావనుకున్నాను అని ఐదుగురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వెనక్కి వెళ్లేసరికి చీకటి పడుతోంది. ఎనిమిదేళ్ల వాడు రాతి మీద కూర్చుని ఉన్నాడు, ఒక కాలికే చెప్పు ఉంది. 'రెండోది దొరకలేదు టీచర్, అమ్మ కొడుతుంది' అన్నాడు. నేను వదిలేసి వెళ్లానని వాడికి తోచనే లేదు.

అంతకంటే పెద్ద తప్పు ఆ రాత్రి చేశాను. వాడిని ఇంటి దగ్గర దింపి, ఆలస్యమైందమ్మా అని మాత్రం చెప్పి వచ్చేశాను. తెల్లారి వాడి నోటనే తల్లికి తెలిసింది. ఆమె వచ్చి ఒక్క మాటా అనకుండా పలకా పుస్తకాలూ తీసుకుని వెళ్లిపోయింది. నేను వాళ్లింటికి వెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పడానికి నాలుగు రోజులు పట్టింది. పిల్లవాణ్ణి మళ్లీ పంపడానికి ఆమెకు నాలుగు నెలలు పట్టింది. ఆ తర్వాత ఎక్కడికి వెళ్లినా ఆరుగురు, ఏడుగురు పిల్లల పేర్లు రాసిన చీటీ ఒక్కొక్క వాలంటీరు జేబులో పెట్టేదాన్ని.

నువ్వు చేసిన పొరపాటు ఏదైనా చెప్పమని ఇంటర్వ్యూలో అడుగుతారు. ఏమీ లేవనకు. జరిగింది, ఎవరికి ఎప్పుడు చెప్పావు, తర్వాత ఏం మార్చావు, అంతవరకు చెప్పు. సర్టిఫికెట్ల నకళ్లు రెండేసి పెట్టుకో. ముందురోజు సాయంత్రానికే విశాఖ చేరుకో, చేరగానే ఫోను చెయ్యి, ఎంత రాత్రయినా సరే.

ఇంకొకటి. నువ్వు వెళ్లాక పిల్లలను 'నలుగురూ కలిసి చూసుకుంటారు' అని మీ అమ్మతో అన్నావట. నిజానికి గీత కంటే ఆ మాటకే నాకు నిద్ర పట్టలేదు, లేచి ఈ ఉత్తరం మొదలుపెట్టాను. హాజరు పట్టీ ఎవరి చేతికి ఇస్తున్నావో పేరు రాసి పంపు తల్లీ. ఒక్క పేరే రాయి.

నీ పెద్దమ్మ