‘తీసుకోవడానికి’ స్పానిష్‌లో ఎన్ని మాటలో

చి. బుజ్జికి,

మావయ్య ఆశీస్సులు. ఆటో తీసుకో, ఫొటో తీసుకో, ఏటీఎంలో డబ్బులు తీసుకో, అమ్మమ్మని తీసుకురా... మనకు ఇన్నిటికీ ఒక్క క్రియే. మెక్సికోలో మాట్లాడే స్పానిష్‌లో అలా కుదరదు.

ముందు ‘కోహెర్’ సంగతి. స్పెయిన్ పాఠ్యపుస్తకాల్లో బస్సెక్కడానికి ఇదే వాడతారు, అక్కడ తప్పేమీ లేదు. మెక్సికో, అర్జెంటీనాల్లో మాత్రం పచ్చి బూతు. అందుకని బస్సుకు ‘తోమార్’ అను, స్పెయిన్‌లోనూ చెల్లుతుంది. అలాగని కోహెర్ చుట్టాలన్నిటికీ భయపడకు. ‘రెకోహెర్’ (ఎయిర్‌పోర్టుకెళ్ళి ఎవరినైనా ఎక్కించుకు రావడం), ‘ఎస్కోహెర్’ (ఎంచుకోవడం) ఎక్కడైనా నిక్షేపంలా వాడొచ్చు. ‘నేను’ రూపం రాసేటప్పుడు మాత్రం ‘హే’ (g) అక్షరం తీసేసి ‘హోతా’ (j) పెట్టాలి: రెకోహో. పలకడంలో తేడా ఉండదు.

మాత్ర, కాఫీ, నిర్ణయం, ఇవన్నీ తోమార్‌తోనే. కానీ ఏం తాగుతావో చెప్పకుండా ఎవరైనా ‘తోమాస్?’ అని ఊరికే అడిగితే, మందు అలవాటుందా అని. తల ఊపేముందు చూసుకో.

లోపల ఉన్నది బయటికి తీయడం ‘సకార్’: ఏటీఎంలో డబ్బు, ఇంట్లో చెత్త. ఫొటోకి కూడా ఇదే వాడు, స్పెయిన్, మెక్సికో రెండిట్లోనూ నప్పుతుంది. బస్సులో కడ్డీ గట్టిగా పట్టుకోవడం ‘అగర్రార్’. మెక్సికోలో బస్సెక్కడానికీ దీన్నే వాడతారు గానీ అది మాటల్లో బాగుంటుంది, ఆఫీసు మెయిల్లో వద్దు. ‘ఎంత టైం పడుతుంది’ అనడానికి వీటిలో ఏదీ పనికిరాదు, ‘తర్దార్’ కావాలి.

మనవాళ్ళు అందరూ పడేది ‘యెబార్’, ‘త్రయేర్’ దగ్గర. తీసుకెళ్ళడం, తీసుకురావడం అని బట్టీ పడితే సగమే వచ్చినట్టు. ‘మీ ఇంటికి వస్తున్నా, స్వీట్లు తెస్తున్నా’ అని మనం ఫోన్లో అంటాం. వాళ్ళు వెళ్తున్నా, తీసుకెళ్తున్నా అనాలి: బోయ్, యెబో. మాట్లాడేవాడు ఆ క్షణంలో ఎక్కడున్నాడన్నదే లెక్క, వినేవాడి చోటు కాదు. పక్కగదిలోంచి పిలిచినా ‘యా బోయ్’ అనే పలకాలి. మన అలవాటు కొద్దీ ‘ఆఒరీతా బేంగో’ (ఇప్పుడే వస్తున్నా) అన్నావో, బయటికెళ్ళి మళ్ళీ వస్తావనుకుని వాళ్ళు భోజనం మొదలుపెట్టేస్తారు.

హోటల్లో పార్సెల్ కావాలంటే ‘పారా యెబార్’ చాలు.

మీ మావయ్య