ప్రియుడు కాదు, నాయికే తోడేలు: ఏ నవలతో మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న: "అర్బన్ ఫాంటసీలో తోడేలుగా మారేది ఎప్పుడూ హీరోనే. హీరోయినే వేర్‌వుల్ఫ్ అయిన నవలలు ఉన్నాయా? ఏది ముందు చదవాలి? అన్నీ ప్రేమకథలేనా?"

ఉన్నాయి. (కొత్తవాళ్లకు: నేటి నగరాల్లో మాయాజీవులు తిరిగే కథల్ని అర్బన్ ఫాంటసీ అంటారు. వేర్‌వుల్ఫ్ అంటే తోడేలుగా మారే మనిషి.) క్యారీ వాన్ రాసిన 'కిట్టీ అండ్ ది మిడ్‌నైట్ అవర్'తో మొదలుపెట్టండి. 2005లో వచ్చింది. ప్రేమకథ ఉన్నా లేనట్టే. ఇదే ఎందుకంటే, దీనికి నా సొంత కథ కొంత చెప్పాలి.

నేను మాదాపూర్‌లో ఒక సంస్థలో మూడేళ్లు రాత్రి డ్యూటీ చేశాను. తెల్లవారుజామున నాలుగున్నరకు క్యాబు దింపేది. గేటు గడియ చప్పుడు కాకుండా తీయడం, చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లెక్కడం అలవాటైపోయింది. ఎంత జాగ్రత్తపడినా ఇంటి యజమానురాలు కిటికీ రెక్క కాస్త తెరిచి, "ఇప్పుడా అమ్మాయ్ రావడం?" అనేవారు. "డ్యూటీ ఆంటీ" అనేదాన్ని. ఆవిడకు ఆ సంగతి తెలుసు. అయినా మరునాడు మళ్లీ అడిగేవారు. ఆ రోజుల్లోనే ఒక ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల గుట్టలో కిట్టీ దొరికింది. అట్ట చూసి చౌకబారు పుస్తకం అనుకున్నాను. మొదటి పేజీలో ఒకమ్మాయి అర్ధరాత్రి ఉద్యోగం చేస్తూ కనిపించేసరికి బేరం కూడా ఆడకుండా కొనేశాను.

కిట్టీ నార్విల్ అమెరికాలో డెన్వర్ నగరంలో ఒక రేడియో స్టేషన్‌లో రాత్రిపూట పాటలు వేసే అమ్మాయి. ఒకరోజు పాటల మధ్య కబుర్లలో రక్తపిశాచుల సంగతి దొర్లుతుంది. ఇక ఫోన్లే ఫోన్లు. పాటల కార్యక్రమం కాస్తా, మనుషులు కాని వాళ్లు తమ కష్టాలు చెప్పుకునే సలహాల కార్యక్రమం అయిపోతుంది. మన వారపత్రికల్లో ప్రశ్నలూ జవాబుల శీర్షిక ఉండేది చూడండి, దాన్ని పిశాచాలు చదివితే ఎలా ఉంటుందో అలా. సలహాలిచ్చే మనిషి కూడా తోడేలేనన్న సంగతి శ్రోతలకు తెలియదు. ఒక రాత్రి వేటగాడొకడు అదే కార్యక్రమానికి ఫోన్ చేసి, నిన్ను చంపడానికి వస్తున్నానని చెబుతాడు. ఆమె మైకు ముందు నుంచి లేవదు. వాడితో మాట్లాడుతూనే ఉంటుంది, ఊరంతా వింటూ ఉంటుంది. ఆ ఘట్టం నేను క్యాబులో ఫోను వెలుతురులో చదివాను. డ్రైవరన్న రెండుసార్లు పిలిచాక గానీ ఇల్లు వచ్చిందని తెలియలేదు.

ఒక హెచ్చరిక. కిట్టీ తోడేలైన రాత్రి వెనుక ఒక అత్యాచారం ఉంది. రచయిత్రి దాన్ని వర్ణించి సొమ్ము చేసుకోలేదు గానీ, తెలిసి చదవడం మంచిది.

ఇక మీరు వెతికితే అందరూ మొదట చెప్పే పేరు 'బిట్టెన్'. కెనడా రచయిత్రి కెల్లీ ఆర్మ్‌స్ట్రాంగ్ 2001లో రాసింది. నాయిక ఎలీనా మైకేల్స్ టొరంటోలో జర్నలిస్టు. ఆ కథాలోకంలో ఆమె ఏకైక ఆడ వేర్‌వుల్ఫ్. ఆరంభం అద్భుతం: నిద్రపోతున్న ప్రియుడి పక్కనుంచి అర్ధరాత్రి లేచి, ఊరి మధ్య లోయల్లోకి వెళ్లి తోడేలుగా మారి, తెల్లారేలోపు ఏమీ ఎరగనట్టు వచ్చి పడుకోవాలి. (టొరంటో పొడవునా చెట్లతో నిండిన లోయలు నిజంగానే ఉన్నాయి. కథకు ఊరే సాయం చేసింది.) పౌర్ణమితో పని లేదు. ఒళ్లు ఎప్పుడు మారమంటే అప్పుడు మారాలి, ఎక్కువ రోజులు ఆపుకోలేదు. ఆ మారడంలో నొప్పిని ఇంత నమ్మకంగా రాసినవాళ్లు నాకు ఇంకెవరూ కనబడలేదు.

అయినా దీన్ని మీకు మొదటి పుస్తకంగా చెప్పను. ఎలీనాను కొరికి, ఆమెను అడగకుండానే తోడేలును చేసినవాడే ఆమె పాత ప్రేమికుడు. నవల సగం నుంచి మనం వాడి పక్షాన ఉండాలన్నట్టు నడుస్తుంది. ఆమె కోపాన్ని రచయిత్రి దాచలేదు, నిజమే. కానీ ఆ కోపం నాలో చల్లారలేదు. ఇష్టపడే పాఠకులు లక్షలమంది ఉన్నారు కాబట్టి నా మాట ఒక చెవితోనే వినండి. 2014 నుంచి 2016 దాకా మూడు సీజన్ల టీవీ సీరియల్‌గా కూడా వచ్చింది.

మూడోది ప్యాట్రీషియా బ్రిగ్స్ 'క్రై వుల్ఫ్', 2008. నాయిక ఆన్నా షికాగోలో తన గుంపు వాళ్ల చేతిలోనే నానా హింసా పడ్డ అమ్మాయి. ఇక్కడ నేను చేసిన పొరపాటు మీరు చేయకండి. ఆ వరుసలో మొదటి నవల కదా అని నేరుగా అదే తెరిచాను. పాత్రలన్నీ ఒకరికొకరు ముందే తెలిసినట్టు మాట్లాడుకుంటుంటే, కొన్ని పేజీలు చిరిగిపోయాయేమోనని అట్టతో సహా వెతికాను. అసలు సంగతేమిటంటే, కథ ఒక చిన్న నవలికలో మొదలైంది. దాని పేరు 'ఆల్ఫా అండ్ ఒమేగా', 2007 నాటి 'ఆన్ ది ప్రౌల్' సంకలనంలో ఉంది. ముందు అది, తరువాతే ఇది. అన్నట్టు, ఇదే రచయిత్రి సృష్టించిన మెర్సీ థాంప్సన్‌ను కూడా వేర్‌వుల్ఫ్ నాయికల జాబితాలో కలిపేస్తుంటారు. మెర్సీ తోడేలు కాదు, కయోటీ (తోడేలు కన్నా చిన్నదైన అమెరికా అడవి జంతువు). ఫోక్స్‌వ్యాగన్ కార్లు బాగుచేసే మెకానిక్. మంచి పుస్తకాలే, కానీ మీరడిగింది అవి కాదు.

"అన్నీ ప్రేమకథలేనా" అన్నారు. చాలామటుకు అవే. గుంపు నాయకుడైన మగ తోడేలు, అంటే 'ఆల్ఫా', కళ్లెర్రజేయడం, నాయిక తలవంచడం, దానికి ప్రేమ అని పేరు పెట్టడం. నాకు పది పేజీల్లో విసుగొస్తుంది. తోడేళ్ల స్వభావమే అంత అని సమర్థించేవాళ్లకు మాత్రం ఒక మాట చెప్పాలి. ఈ 'ఆల్ఫా' ఆలోచన ప్రధానంగా 1947లో రుడాల్ఫ్ షెంకెల్ అనే పరిశోధకుడు బోనులో ఉన్న తోడేళ్లను చూసి రాసిన వ్యాసం నుంచి వచ్చింది. ఒకదానికొకటి ఏమీ కాని జంతువుల్ని ఒకచోట కుక్కితే కొట్టుకోక ఏం చేస్తాయి? డేవిడ్ మెక్ అనే శాస్త్రవేత్త 1970 నాటి తన పుస్తకంలో ఆ మాటను బాగా ప్రచారంలోకి తెచ్చారు. తరువాత అడవిలో ఏళ్ల తరబడి తోడేళ్లను గమనించి, 1999లో ఆయనే దిద్దుకున్నారు: గుంపు అంటే మామూలుగా అమ్మా నాన్నా పిల్లలు, అంతే. తన పాత పుస్తకం అచ్చు ఆపేయమని ప్రచురణకర్తను ఆయనే అడిగారు.

అందుకే కిట్టీ గుంపును నేను ఉమ్మడి కుటుంబంగా చదువుకున్నాను. పెత్తనం చేసే పెద్దాయన ఉంటాడు, రేడియో మానేయమంటాడు. అందరికంటే కింద ఉన్న కిట్టీ మొదట్లో ఒదిగి ఉంటుంది, ఎందుకంటే ఆ ఒదిగి ఉండటంలో ఒక భద్రత ఉంది. ఉద్యోగం మానేయమన్న మాట విన్న ఆడవాళ్లెవరికీ ఈ భాగానికి వ్యాఖ్యానం అక్కర్లేదు.

మన పాఠకులకు ఒక చిక్కు ఉంది, ముందే చెబుతాను. ఈ కథల్లో భయమంతా పౌర్ణమికి. మనకేమో భయం అమావాస్యకు. పౌర్ణమి అంటే సత్యనారాయణ వ్రతం, ప్రసాదం. కిట్టీ క్యాలెండర్‌లో పౌర్ణమి ఎప్పుడా అని చూసుకుంటుంటే నాకు మొదట్లో గోధుమరవ్వ వాసనే వచ్చింది. ఒకట్రెండు పుస్తకాలు చదివితే అలవాటవుతుంది. ఇంకో తమాషా, వేర్‌వుల్ఫ్‌లో 'వేర్' అంటే పాత ఇంగ్లీషులో మగవాడు. మీరు అడుగుతున్నది నిజానికి ఆడ మగతోడేలు గురించి.

తెలుగులో ఇలాంటిది రాద్దామని నేనూ ఒకసారి కూర్చున్నాను. ఊరు హైదరాబాద్, నాయికది నా ఉద్యోగమే. మొదటి దృశ్యం సులువుగా వచ్చింది: పెళ్లిపీటల మీద మెట్టెలు తొడిగే ఘట్టం. 1941 నాటి 'ది వుల్ఫ్ మ్యాన్' సినిమా నుంచి వేర్‌వుల్ఫ్‌కు వెండి గిట్టదు కదా, మన మెట్టెలు వెండివే కదా. వరుడు వంగి కాలివేలు పట్టుకోగానే చర్మం బొబ్బలెక్కుతుంది, చుట్టూ పేరంటాళ్లు, ఆమె నవ్వుతూ కూర్చోవాలి. ఆ రెండు పేజీలు నాకిప్పటికీ ఇష్టం.

పద్నాలుగో పేజీలో ఆగిపోయాను. ఆమె రాత్రి ఎక్కడ పరిగెత్తాలి? కేబీఆర్ పార్కుకు కంచె, గేటు, కాపలా. సరే, గోడ దూకించాను. కానీ ఆమె తోడేలై మా వీధి మలుపు తిరిగిన మరుక్షణం ఊరకుక్కలన్నీ లేస్తాయి. మామూలు మనిషినైన నేను క్యాబు దిగితేనే నాలుగు వెంటపడేవి. వాటి అరుపులకు వాచ్‌మన్ లేస్తాడు, కిటికీ రెక్క తెరుచుకుంటుంది, "ఇప్పుడా అమ్మాయ్ రావడం?"