ఐరాస ఉద్యోగం కావాలా? ముందు మండల సమాఖ్యకు వెళ్లండి

ప్రశ్న: మాది పార్వతీపురం దగ్గర పల్లెటూరు. ఎంఏ ఎకనామిక్స్ అయిపోయింది. ఐక్యరాజ్యసమితి, ప్రపంచ బ్యాంకు లాంటి చోట్ల పేదరికం మీద పనిచేయాలని ఉంది. ఇంట్లో వాళ్లేమో బ్యాంకు పరీక్షలు రాయమని పోరు పెడుతున్నారు. ఒక కన్సల్టెన్సీ వాళ్లు ఇంగ్లండ్‌లో డెవలప్‌మెంట్ స్టడీస్ చేస్తే ఉద్యోగం ఖాయమంటున్నారు. అప్పు చేసి వెళ్లమంటారా?

జవాబు: వద్దు, ఇప్పుడైతే అసలు వద్దు. మీరు విమానం ఎక్కితే కన్సల్టెన్సీ వాళ్ల పని అయిపోతుంది, ఈఎంఐలు కట్టుకోవాల్సింది మాత్రం మీ నాన్నగారు. ఐరాసలో పీ-2 అనే కింది మెట్టు ఉద్యోగానికే పీజీతో పాటు మామూలుగా రెండేళ్ల అనుభవం అడుగుతారు. అంతెందుకు, బ్రిటన్ ప్రభుత్వం ఫీజు, ఖర్చులు అన్నీ తానే పెట్టుకుని చదివించే చీవెనింగ్ స్కాలర్‌షిప్‌కి కూడా 2,800 గంటల పని అనుభవం, అంటే దాదాపు రెండేళ్లు, ఉండాల్సిందే. మరి ఆ రెండేళ్లేవో ముందే చేసేస్తే చదువు ఖర్చు వాళ్ల నెత్తిన వేయొచ్చు కదా.

ఎక్కడ చేయాలంటారా? మీ ఊళ్లోనే మొదలుపెట్టొచ్చు. 2000లో ప్రపంచ బ్యాంకు అప్పుతో వెలుగు అనే పేదరిక నిర్మూలన పథకం మొదలైనప్పుడు మొదటి ఆరు జిల్లాల్లో మీ పాత విజయనగరం జిల్లా ఒకటి. శ్రీకాకుళం, అనంతపురం, చిత్తూరు, మహబూబ్‌నగర్, ఆదిలాబాద్ మిగతావి. అంతకు ముందు 90ల్లో ఐరాస అభివృద్ధి సంస్థ, అదే యూఎన్‌డీపీ, మన రాష్ట్రంలో నడిపిన ప్రాజెక్టు నుంచే ఈ ఆలోచన వచ్చింది. పొదుపు సంఘం, దాని పైన గ్రామైక్య సంఘం, ఆపైన మండల సమాఖ్య అనే ఈ అల్లిక చాలావరకు ఇక్కడ చూసుకునే 2011లో కేంద్రం జాతీయ గ్రామీణ జీవనోపాధి మిషన్‌ను దేశమంతటికీ తీసుకెళ్లింది. మీరు ఎక్కడికో వెళ్లి చదవాలనుకుంటున్న పాఠం మీ మండలంలోనే ఉంది.

మండల సమాఖ్య ఆఫీసుకు వెళ్లి అక్కడి అధికారి ఏపీఎంను (అసిస్టెంట్ ప్రాజెక్ట్ మేనేజర్) అడిగి, ఒక సంఘం సమావేశంలో వెనకాల కూర్చోండి. చాప మీద పుస్తకాలు పరుచుకుని పొదుపు, వాయిదా, కొత్త అప్పు వరసగా రాస్తుంటారు. తీర్మానం పుస్తకంలో ‘గేదె కొనుగోలుకు’ అని ఉంటుంది, కానీ ఆ గేదె ఏ పాకలోనూ కనపడదు, ఎందుకంటే ఆ డబ్బు కూతురి కాలేజీ ఫీజుకో పాత వడ్డీ అప్పుకో పోయింది, ఆ సంగతి చాప మీద కూర్చున్న అందరికీ తెలుసు. అప్పు తీసుకున్నావిడ వాయిదా కూలి డబ్బుల్లోంచి కడుతోంది. సర్వే ఫారంలో మాత్రం ఇది ‘పాడి ద్వారా ఆదాయం’గానే చేరుతుంది. ఈ తేడా పసిగట్టగలిగిన వాడికి ఈ రంగంలో ఎప్పుడూ పని ఉంటుంది. 2010 అక్టోబరులో మన రాష్ట్ర ప్రభుత్వం మైక్రోఫైనాన్స్ (పేదలకు చిన్న అప్పులిచ్చే) కంపెనీల మీద ఆర్డినెన్స్ తేవాల్సి వచ్చిందంటే కారణం ఇలాంటిదే, అంతకు ముందు చాలా ఊళ్లలో ఒకే మహిళ పేరున సంఘం అప్పు మీద ఒకటి రెండు కంపెనీల అప్పులు పేరుకుపోయాయి. కంపెనీల రిపోర్టుల్లో వసూళ్లు బ్రహ్మాండంగా ఉన్నాయి, ఒక అప్పు తీర్చడానికి ఇంకో అప్పు చేస్తుంటే ఉండవా మరి.

తర్వాత 1983 నుంచి పల్లెల్లో పనిచేస్తున్న ప్రదాన్ లాంటి స్వచ్ఛంద సంస్థలో గానీ, పల్లెల్లో ఉండి పనిచేసే 13 నెలల ఎస్‌బీఐ యూత్ ఫర్ ఇండియా ఫెలోషిప్‌లో గానీ చేరే ప్రయత్నం చేయండి. చదువే కావాలంటే ఈ రంగానికి పేరున్న ఇన్‌స్టిట్యూట్లు గుజరాత్‌లోని ఆనంద్‌లో ఇర్మా, ముంబయి టిస్, మన రాజేంద్రనగర్‌లోనే ఎన్ఐఆర్‌డీ ఉన్నాయి. ఇంకోటి, మీ వాళ్లు చెప్పేది తీసిపారేయకండి. గ్రామీణ బ్యాంకులో ఆఫీసరైతే పొదుపు సంఘాలకు బ్యాంకు ఇచ్చే లింకేజీ రుణాల ఫైళ్లు మీ టేబుల్ మీదికే వస్తాయి. వ్యవసాయ, గ్రామీణాభివృద్ధి జాతీయ బ్యాంకు నాబార్డ్‌లో గ్రేడ్-ఎ ఆఫీసరు ఉద్యోగం కొడితే ఇంకా మంచిది, అసలు 1992లో ఆ లింకేజీని మొదలుపెట్టిందే వాళ్లు.

టెన్షన్ పెట్టే సంగతి కూడా చెప్పేస్తా. ఈ రంగంలో చాలా ఉద్యోగాలు కాంట్రాక్టువే, ప్రాజెక్టు అయిపోతే అంతే. 2020లో విదేశీ విరాళాల చట్టం బిగించాక, విదేశీ నిధుల్లో ఆఫీసు ఖర్చులకు 20 శాతం మించి వాడకూడదు. 2025లో అమెరికా తన విదేశీ సాయం సంస్థ యూఎస్‌ఎయిడ్‌ను మూసేశాక, పదిహేనేళ్ల అనుభవం ఉన్నవాళ్లు కూడా ఇప్పుడు మీతో పాటే దరఖాస్తులు పెడుతున్నారు. ఇంటి బాధ్యతలు ఎక్కువగా ఉంటే బ్యాంకు దారే ముందు చూసుకోండి.

ప్రశ్న: నల్గొండ జిల్లాలో వీఓఏగా, అంటే గ్రామైక్య సంఘం పుస్తకాలు రాసే సహాయకురాలిగా చేస్తున్నాను. ఓపెన్ యూనివర్సిటీలో డిగ్రీ చేశాను. ఇచ్చేది చాలా తక్కువ. ఈ పనికి బయట విలువుంటుందా అక్కా?

జవాబు: పైన ఉత్తరం రాసిన తమ్ముడికి లేనిది మీ దగ్గర ఉందమ్మా. సంఘంలో తిరిగి పైకొచ్చిన మన ఆడవాళ్లే సీఆర్పీలుగా, అంటే కొత్త చోట సంఘాలు పెట్టడం నేర్పేవాళ్లుగా, బిహార్ లాంటి రాష్ట్రాలకు వెళ్లి, పదిహేను రోజులు ఒక ఊళ్లోనే ఉండి, వచ్చీరాని హిందీలో అక్కడ సంఘాలు పెట్టించి వచ్చారు. కాబట్టి హిందీ మాట్లాడటం గట్టిగా పట్టుకోండి. ఇగ్నోలో గ్రామీణాభివృద్ధి ఎంఏ ఇంటి నుంచే చేయొచ్చు. బయోడేటాలో ‘పుస్తకాలు రాస్తాను’ అని రాస్తే ఎవరూ పట్టించుకోరు. ఎన్ని సంఘాలు చూస్తున్నారు, బ్యాంకు నుంచి ఎంత అప్పు ఇప్పించారు, అందులో ఎంత తిరిగి కట్టించారు, సూక్ష్మ రుణ ప్రణాళికలు ఎన్ని రాయించారు, ఇవన్నీ అంకెలతో రాయండి. జీతం వెంటనే పెరుగుతుందని మాత్రం చెప్పలేను. అయితే ఎన్జీవోల్లో ఫీల్డ్ కోఆర్డినేటర్ పోస్టులు పడ్డప్పుడల్లా మొహమాటపడకుండా దరఖాస్తు పెట్టండి. ఇంగ్లిష్ రాదని మీకు మీరే ఆగిపోవద్దు.

ప్రశ్న: హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్. వయసు 31. ఉద్యోగం మానేసి ఆఫ్రికాలో ఏదైనా సేవ చేయాలని ఉంది.

జవాబు: ఆఫ్రికాలో ఏ దేశం? అది తేలకుండా రాజీనామా చేయకండి. సెనెగల్, మాలీ వైపైతే ఫ్రెంచ్ లేకుండా పని నడవదు. ఎస్‌బీఐ ఫెలోషిప్‌కి 32 ఏళ్ల దాకా తీసుకుంటారు, అంటే మీకు టైము ఎక్కువ లేదు, ముందు అది చూడండి. అదీ కుదరకపోతే శనాదివారాలు ఏదైనా చిన్న సంస్థకు వాళ్ల లెక్కలు, లబ్ధిదారుల వివరాలు సరిగా పెట్టుకునే చిన్న సాఫ్ట్‌వేర్ చేసిపెట్టండి. ఫొటోలకు పనికొచ్చే వాలంటీర్లు వాళ్లకు బోలెడుమంది ఉన్నారు, ఎక్సెల్ సరిచేసేవాళ్లే దొరకడం లేదు.